టాసో మా వంటింట్లోకి వచ్చాక

మాంసం, మసాలాలతో కలిపి వండే ఇక్కడి అన్నం జాంబలాయా మా ఇంట్లో రెండు రకాలు. తెనాలి నుంచి అమ్మ వచ్చి ఉన్నప్పుడు చేసేది ఒకటి, లేనప్పుడు చేసేది ఇంకొకటి. రెండిట్లోనూ కోడి ఉంటుంది. తేడా అంతా టాసో దగ్గరే.

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, మేముండే బ్యాటన్ రూజ్‌లో కాపురం ఉన్నవాళ్ళకి టాసో గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం: పంది భుజం మాంసాన్ని పలకలుగా కోసి, ఉప్పులో కొద్దిసేపు ఊరబెట్టి, కయెన్ కారం, మిరియాల పొడి, వెల్లుల్లి దట్టంగా పట్టించి, పొగ మీద ఉడికిస్తారు. పేరుకి హామ్ అంటారు గానీ, హామ్‌కి వాడే తొడ భాగం కాదిది. దీన్ని ఎవరూ కంచం నిండా పెట్టుకుని తినరు. మనం వంకాయ కూరలో గుప్పెడు ఎండు రొయ్యలు వేసినట్టు, ఇక్కడివాళ్ళు బీన్స్‌లో, గంబో అనే పులుసులో, జాంబలాయాలో రుచి కోసం కాసిని ముక్కలు వేస్తారు. ఆ కాసిని ముక్కల మీదే మా ఇంట్లో నెలల తరబడి చర్చ నడిచింది.

మా పెద్దోడు ఇక్కడే పుట్టాడు. స్నేహితుల ఇళ్ళల్లో, స్కూల్లో, ఇక్కడి యూనివర్సిటీ ఎల్‌ఎస్‌యూ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు పార్కింగ్ స్థలాల్లో పొయ్యిలు పెట్టి వండేవాళ్ళ దగ్గర వాడు తిన్న జాంబలాయాకి లెక్కే లేదు. వాడి దృష్టిలో అది బయటి తిండి కాదు, సొంత ఊరి తిండి. మన ప్రవాసులకి దేన్ని వండినా చిటికెడు గరం మసాలా తగిలించందే తృప్తి ఉండదు కదా, పిల్లలు దాన్ని ఇట్టే పట్టేస్తారు. "బాగుంది నాన్నా, కానీ ఇది పలావు" అనేస్తారు.

పన్నెండేళ్ళప్పుడు వాడొకరోజు అడిగాడు: "మనం పోర్క్ ఎందుకు తినం? రెలిజియనా?"

ఇలాంటప్పుడు చెప్పడానికి మన దగ్గర జవాబులకి కొదవ లేదు. అరగదు, దేవుడి గది ఉన్న ఇల్లు, మనవాళ్ళు తినరు. "మనవాళ్ళు" అనగానే, "అంటే ఎవరు? ఇండియన్సా, తెలుగువాళ్ళా?" అన్నాడు. ఇండియన్స్ అందామంటే గోవాలో, కొడగులో, నాగాలాండ్‌లో అది పండగ వంట. తెలుగువాళ్ళు అందామంటే మా ఊళ్ళోనే తినేవాళ్ళున్నారు. వాళ్ళ ఇళ్ళు ఊరి చివర ఉండేవి. మా పెరట్లో పని చేసేవాళ్ళు, వంటింటి గడప మాత్రం దాటేవాళ్ళు కాదు. పోనీ శాస్త్రం అందామా? మనుస్మృతి ఐదో అధ్యాయంలో ఊరపందితో పాటు ఊరకోడిని, ఉల్లిని, వెల్లుల్లిని కూడా ద్విజులకి వద్దన్నారు. ఆదివారం పూట ఇంటింటా కోడికూర ఉడికే మా వీధిలో ఆ శ్లోకం ఎవరికీ గుర్తు రాగా నేను చూడలేదు.

అందుకని కులం సంగతే చెప్పాను. ఎవరింట్లో ఎవరు తినొచ్చు, ఎవరి గ్లాసు ఎక్కడ బోర్లించి ఉండేది, అంతా. వాడు విని, "అంటే వాళ్ళు తింటారు కాబట్టి మనం తినం, అంతేనా?" అన్నాడు. చాలా వరకు అంతే అన్నాను.

"ఆ వయసువాడికి ఇవన్నీ అవసరమా అండీ?" అంది మా ఆవిడ ఆ రాత్రి. నా మటుకు నాకు అవసరమే. 1953లో ఈ ఊరి నల్లజాతివాళ్ళు సిటీ బస్సులెక్కడం మానేసి నిరసన తెలిపారని, అది పేరుపడ్డ మాంట్‌గోమరీ బస్సు బహిష్కరణ కంటే రెండేళ్ళు ముందని వాడికి తెలుసు. 1960లో న్యూ ఓర్లీన్స్‌లో ఆరేళ్ళ నల్లజాతి పాప రూబీ బ్రిడ్జెస్‌ని ఫెడరల్ మార్షల్స్ కాపలాగా, అప్పటిదాకా తెల్లపిల్లలకే ఉన్న స్కూల్లోకి తీసుకెళ్ళారనీ తెలుసు. ఇక్కడి అన్యాయాలన్నీ పుస్తకాల్లో చదువుకుని, మన దగ్గరివి మాత్రం "అరగదు" అనే మాట కింద కప్పేసుకోమనడం నాకు నచ్చలేదు. పిల్లలకి మన సంస్కృతి నేర్పాలని వారం వారం తెలుగు బడికి తీసుకెళ్తాం. ఇది కూడా అందులోదే కదా.

తర్వాతి ఆదివారం టాసో కొనుక్కొచ్చాం. దేవుడి గది ఎక్కడికీ పోలేదు.

వంట సంగతికొస్తే, జాంబలాయా ఆయువుపట్టంతా గిన్నె అడుగున ఉంటుంది. మందపాటి ఇనుప గిన్నెలో నూనె బాగా కాగాక, కిలో చికెన్ తొడ ముక్కల్ని కొన్ని కొన్నిగా వేసి ముదురు రంగు వచ్చేదాకా కదపకుండా వేయించాలి. వాటిని తీసేసి పావుకిలో టాసో ముక్కలు వేస్తే కొవ్వు కరిగి ఇల్లంతా పొగ వాసన పట్టేస్తుంది. అప్పుడు ఉల్లిపాయలు, తొందరపడకుండా. అడుగు పట్టినప్పుడల్లా చెంచాడు నీళ్ళు చల్లి గీకుతూ ఉంటే ఆ మాడే రంగై ఉల్లిపాయలకి ఎక్కుతుంది. న్యూ ఓర్లీన్స్ క్రియోల్ పద్ధతిలో టమాటా వేస్తారు, ఎర్రగా ఉంటుంది. మా వైపు కేజన్ పద్ధతిలో టమాటా ఉండదు, ఆ గోధుమ రంగు అడుగు నుంచి రావాల్సిందే. 1968 నుంచి జాంబలాయా పండగ జరుపుకుంటున్న గొంజాలెస్ మాకు పక్క ఊరే. అక్కడి పోటీల్లో కట్టెల పొయ్యి మీద పెద్ద పెద్ద ఇనుప కళాయిల్లో తెడ్లతో వండుతుంటే నిలబడి చూడాల్సిందే.

ఆ తర్వాత క్యాప్సికం, సెలెరీ, వెల్లుల్లి, థైమ్, కయెన్ కారం. చికెన్ ముక్కలు మళ్ళీ గిన్నెలోకి. మూడు కప్పుల బియ్యానికి ఐదు కప్పుల చికెన్ స్టాక్. టాసోలోనే బోలెడు ఉప్పుంటుంది కాబట్టి ఎసరు తెర్లాక రుచి చూసి అప్పుడే ఉప్పు వేయాలి. నాలిక మీద కాస్త ఎక్కువైనట్టే ఉండాలి, మిగతాది బియ్యం లాక్కుంటుంది. బాస్మతి వద్దు, దాని వాసన పొగతో పోట్లాడుతుంది. మూత పెట్టి సన్న సెగ మీద ఇరవై అయిదు నిమిషాలు. ఈ మధ్యలో నా చెయ్యి ఊరుకోదు. "మూత తీయకు నాన్నా!" అని పెద్దోడు కాపలా. అడుగున కట్టిన పెచ్చు మాత్రం చిన్నదానిది, ఇంకెవరూ ముట్టుకోకూడదు.

ఆ బియ్యం కూడా ఇక్కడిదే. లఫాయెట్ దాటాక క్రౌలీ చుట్టుపక్కల కనుచూపు మేర వరి చేలే. కోతలయ్యాక నీళ్ళు పెట్టి అవే మళ్ళల్లో రొయ్యల్లాంటి క్రాఫిష్ పెంచుతారు. అమ్మని ఒకసారి అటు తీసుకెళ్తే కారు ఆపించి, గట్టు మీద నిలబడి, "కాలవ ఏదిరా?" అంది. పంపులతో తోడతారంటే పెదవి విరిచింది. 1719లో లూసియానాకి బానిసల్ని మోసుకొచ్చిన తొలి ఓడల కెప్టెన్లకి, ఆఫ్రికా తీరంలో వరి సాగు తెలిసినవాళ్ళని, విత్తనాల వడ్లని తెమ్మని ఆజ్ఞలిచ్చారు. ఇది కూడా పెద్దోడే చెప్పాడు నాకు, స్కూలు ప్రాజెక్టు కోసం చదివి.

అమ్మ ఉన్నప్పుడు టాసో బదులు పొగబెట్టిన టర్కీ కోడి మాంసం వేస్తాం. ఫ్రిజ్‌లో టాసో ఉందని ఆవిడకి తెలుసు. దాచలేదు. గిన్నె, గరిటె వేరు పెట్టమంది, పెట్టాం. పెద్దోడు ఊరుకోక, "నానమ్మా, నువ్వెందుకు తినవు?" అని అడిగేశాడు. "చిన్నప్పట్నుంచీ అలవాటు లేదురా, నోటికి పోదు. నువ్వు తిను" అంది. వాడు అంతటితో ఆగలేదు, ఊరి చివర ఇళ్ళ గురించి అడిగాడు. "ఆ రోజులు వేరు నాన్నా" అని చిక్కుళ్ళు వలుచుకోవడంలో పడింది. ఆ మాటతో నాకు పేచీ ఉంది. అమ్మతో ఆ పేచీ ఎంత దూరం పెట్టుకోవాలన్నది నాకింకా తేలలేదు. వాడు మాత్రం పక్కనే కూర్చుని చిక్కుళ్ళు వలుస్తూ ఇంకో ప్రశ్న అడిగాడు, ఆవిడ ఇంకోటేదో చెప్పింది.

ఇప్పుడు గొడవల్లా ఉగాది పాట్‌లక్‌కి ఏది తీసుకెళ్ళాలని. వాడు టాసోదే అంటాడు, పోర్క్ అని చీటీ రాసి పెడదామంటాడు. మా ఆవిడ టర్కీదే మేలంటోంది. రెండూ చేద్దాంలే అని ఇద్దరూ రాజీకొచ్చారు గానీ, ఆ ఇనుప గిన్నెలు తోమేది నేనే.