గుర్రాల్లో నట్టల మందు పనిచేస్తోందో లేదో తేల్చిన తీరు: నా అనుభవం

పరాన్నజీవి శాస్త్రంలో పరిశోధన విద్యార్థిగా ఉన్నప్పుడు నాకు అప్పగించిన పని, ఒక గుర్రపుశాలలో ఏళ్ల తరబడి వాడుతున్న ఫెన్‌బెండజోల్ అనే నట్టల మందుకు అక్కడి నట్టలు ఇంకా లొంగుతున్నాయో లేదో తేల్చడం. మందు వేసే ముందు లద్దెలోని గుడ్లను లెక్కించి, 14 రోజుల తర్వాత మళ్లీ లెక్కించి, ఎంత శాతం తగ్గాయో చూడాలి. ఈ మందు విషయంలో తగ్గుదల 90 శాతానికి చేరకపోతే నట్టలు మందును తట్టుకుంటున్నాయని అనుమానించాలి.

నైతిక సంఘం అనుమతి, యజమాని సమ్మతి వచ్చాక మొదట అన్ని గుర్రాల లద్దెనూ పరీక్షించాను. మందలోని గుడ్లలో దాదాపు 80 శాతాన్ని సుమారు 20 శాతం గుర్రాలే విడుస్తాయి. గుడ్లు మరీ తక్కువగా ఉన్నవాటిని కలిపితే శాతాల లెక్కకు విలువ ఉండదు కనుక, తగినన్ని గుడ్లు ఉన్నవాటినే ఎంచుకున్నాను. అప్పుడే పడిన లద్దెను మాత్రమే తీసుకుని, సంచిలో గాలి లేకుండా మూతి బిగించి, చల్లగా ఉంచాలి. వెచ్చదనమూ గాలీ తగిలితే గుడ్లు పొదిగి లార్వాలు బయటికొస్తాయి. అలా తగ్గిన సంఖ్యను మందు గొప్పతనంగా లెక్కగట్టే ప్రమాదం ఉంది.

నా దృష్టిలో ఈ పరీక్షలో మైక్రోస్కోపు కంటే కొలటేపు ముఖ్యం. బరువును కంటితో తక్కువ అంచనా కట్టి మందు తక్కువగా వేస్తే, చావకుండా మిగిలిన నట్టలను చూసి మందే పనిచేయలేదని పొరబడతాం. ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసుకుని, దాని వర్గాన్ని శరీర పొడవుతో గుణించి 11,880తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 180, పొడవు 160 ఉన్న గుర్రం దాదాపు 436 కిలోలన్నమాట.

లెక్కింపుకు మెక్‌మాస్టర్ పద్ధతి వాడాను. 4 గ్రాముల లద్దెను 56 మి.లీ. సంతృప్త ఉప్పు ద్రావణంలో కలిపి, వడగట్టి, రెండు గదుల స్లైడులో నింపి కాసేపు కదపకుండా ఉంచితే గుడ్లు పైకి తేలి గీతలున్న అద్దాన్ని అంటుకుంటాయి. స్ట్రాంగైల్ అనే రకం నట్ట గుడ్డు కోలగా, పలుచని పెంకుతో, లోపల విభజన చెందుతున్న కణాల గుత్తితో కనిపిస్తుంది. పారాస్కారిస్ అనే మరో రకం నట్ట గుడ్డుది మందమైన గోధుమరంగు పెంకు. రెండు గదుల్లో కలిపి కనిపించే ఒక్కో గుడ్డు, గ్రాము లద్దెకు 50 గుడ్లతో సమానం కాబట్టి ఒక్కటి కూడా జారవిడవకూడదు.

రెండో విడత లెక్కలో తగ్గుదల 90 శాతానికి చాలా దిగువనే ఆగిపోయింది. గుడ్డును చూసి స్ట్రాంగైల్ జాతిని చెప్పలేం కనుక లద్దెను తేమగా, వెచ్చగా ఉంచి లార్వాలను పెంచాను. ఏ లార్వా పేగులో చూసినా కణాలు ఎనిమిదే, అంటే చిన్న స్ట్రాంగైల్స్. గుర్రం పేగుకు రక్తం తెచ్చే ధమనిలో చేరి ప్రాణం మీదికి తెచ్చే స్ట్రాంగైలస్ వల్గారిస్ లార్వాలకు 28 నుంచి 32 కణాలుంటాయి. అవి ఒక్కటీ కనబడలేదు. ఆ నట్టను అణచడానికే 1966లో డ్రడ్జ్, లయన్స్ అనే పరిశోధకులు 6 నుంచి 8 వారాలకోసారి మందు వేయాలని సూచించారు. ఆ పద్ధతి వల్గారిస్‌ను బాగా తగ్గించింది. అదే పనిగా మందు వేస్తూ పోవడం వల్ల చిన్నవాటిలో మందును తట్టుకునేవి పెరిగాయి.

గుడ్లు లేకపోతే నట్టలు లేనట్టేనా అని యజమాని అడిగారు. పెద్దపేగు గోడలో దాగిన లార్వాలు రెండేళ్లకు పైగా అలాగే ఉండగలవు, అవి గుడ్లు పెట్టవు కనుక ఈ లెక్కలో కనిపించవు. ఆ సంగతిని, స్ట్రాంగైల్స్‌కు ఫెన్‌బెండజోల్ ఆపి ఐవర్‌మెక్టిన్ అనే మరో మందునూ ఇదే పద్ధతిలో పరీక్షించాలన్న సూచనను నివేదికలో చేర్చి అందజేశాను.