మారిషస్‌లో బీచ్‌ల మధ్య ఒక పాత పద్దు

ముందు మా ఇంటి గొడవ చెప్పి తర్వాత ఊరి సంగతికి వస్తాను. 2025 జులైలో మేమూ, మా తోడల్లుడి కుటుంబమూ కలిసి మారిషస్ వెళ్లాం. ఖర్చులన్నీ చెరి సగం అని హైదరాబాద్‌లోనే అనుకున్నాం. నాలుగో రోజు పొద్దున చూద్దును కదా, ముందురోజు వాళ్లు నలుగురే ఎక్కిన స్పీడ్ బోటు డబ్బు కూడా మొబైల్‌లో ఉమ్మడి ఖాతా కింద రాసి ఉంది. నాకు సముద్రం పడదని ఒడ్డునే కూర్చున్నాను, మా ఆవిడ నాకు తోడుగా ఉండిపోయింది. ఇదేమిటయ్యా అంటే "బావగారూ, వ్యాన్‌లో ముందు సీటు రోజూ మీదే కదా, అది నేను లెక్కేశానా?" అన్నాడు. బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు పద్దులు చూసి రిటైరైనవాణ్ణి, నాకే అడ్జస్ట్‌మెంట్ ఎంట్రీ చూపిస్తున్నాడు!

వ్యాన్ డ్రైవరు ఇదంతా వింటున్నాడు. అతను అక్కడి తెలుగువాడే, ఐదో తరం. ఇంట్లో క్రియోల్, పనిలో ఇంగ్లీషు, ఫ్రెంచి. తెలుగు అంటే బళ్లో నేర్చుకున్నదీ, రామభజనంలో పాడేదీ. మొదటి రోజు మీది ఏ ఊరని అడిగితే కాకినాడ అన్నాను, అతనికి తెలియలేదు. పక్కనే కోరంగి అనగానే మొహం వెలిగిపోయింది. వాళ్ల ముత్తాతలు ఓడెక్కింది ఆ రేవు నుంచేనట, అందుకే పాతరోజుల్లో తెలుగువాళ్లందరినీ అక్కడ కొరింగీలనే పిలిచేవారట. ఉగాదికి దేశం మొత్తానికీ సెలవు, సింహాద్రి అప్పన్నకి పూజలు. కోరంగి మాకు బండి మీద నలభై నిమిషాలు, అక్కడ మడ అడవుల్లో పిక్నిక్ తప్ప నేను ఇంకేమీ ఎరగను, సిగ్గుపడాల్సిన విషయమే.

అతను నవ్వి "అన్నా, మీది పడవ లెక్క. మాది దీవి లెక్క. అరవై ఏళ్లయింది, ఇంకా తేలలేదు" అన్నాడు. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల గురించి. వాటిలో అమెరికా సైనిక స్థావరం ఉన్న డియెగో గార్సియా అనే పేరు పేపర్లో చదవడమే గానీ ఆ గొడవ ఈ దేశానిదని నాకు సరిగా తెలియదు. ఆ మే 22న ఆ దీవుల ఒప్పందం మీద బ్రిటన్, మారిషస్ సంతకాలు చేశాయి, అందుకని మేం వెళ్లేనాటికి అక్కడ ఎవర్ని కదిపినా అదే మాట. ఆ రోజు బీచ్ ప్రోగ్రాం పక్కనపెట్టి పోర్ట్ లూయిస్ పోదామన్నాను. మా తోడల్లుడు మూతి ముడుచుకున్నాడు, పిల్లలు వాటర్‌ఫ్రంట్‌లో షాపింగ్ అనగానే ఒప్పుకున్నారు.

ముందు ఆప్రవాసీ ఘాట్. మన దేశం నుంచి తెచ్చిన కూలీలని దించిన చోటు, పదహారు రాతి మెట్లు మిగిలాయి. 1834 నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మంది ఈ దేశంలో దిగారు. మా ఆవిడ చెప్పులు విప్పి ఆ మెట్లకి దణ్ణం పెట్టింది. నేను ఫొటో తీయబోయి ఆగిపోయాను. ఆ తర్వాత సెంట్రల్ మార్కెట్ దగ్గర ధోల్ పూరీ, అంటే మన బొబ్బట్టులో బెల్లం తీసేసి పప్పు పొడి పెట్టినట్టు ఉంటుంది, లోపల కూరేసి జతగా చుట్టి ఇస్తారు, నేను రెండు జతలు తిన్నాను. ఇచ్చిన చిల్లరలో రూపాయి నాణెం తిప్పి చూపించాడు డ్రైవరు. దాని మీద బొమ్మ మారిషస్ తొలి ప్రధాని సర్ శివసాగర్ రామ్‌గులామ్‌ది. మేం దిగిన విమానాశ్రయానికీ ఆయన పేరే. "మూడు మిలియన్లకి ఒప్పుకున్నాయన" అన్నాడు. అనేటప్పుడు కోపం కూడా లేదు గొంతులో, ఇంట్లో పెద్దాయన చేసిన పొరపాటు చెప్పినట్టే చెప్పాడు.

సంగతేమిటంటే, 1965 సెప్టెంబరులో స్వాతంత్ర్యం మాట్లాడుకోడానికి రామ్‌గులామ్ లండన్ వెళ్లాడు. అమెరికాకి హిందూ మహాసముద్రం నడుమ ఒక స్థావరం కావాలి, బ్రిటన్ చేతిలో చాగోస్ ఉంది, అది మారిషస్‌లో భాగం. బ్రిటన్ ప్రధాని విల్సన్‌తో సమావేశానికి ముందు విల్సన్ కోసం అధికారులు రాసిన కాగితం తర్వాత బయటపడింది. ఆశ చూపించి భయపెట్టాలి అన్నది అందులో సారం. దీవులు వదిలేస్తే స్వాతంత్ర్యం వస్తుందని ఆశ, లేకపోతే రాదేమోనని భయం. చివరికి 30 లక్షల పౌండ్లకి బేరం కుదిరింది, ఆ నవంబరు 8న చాగోస్‌ని విడదీసి కొత్త వలస రాజ్యం చేశారు. 1968 మార్చి 12న మారిషస్‌కి స్వాతంత్ర్యం వచ్చింది, దీవులు మాత్రం రాలేదు.

నా బ్యాంకు బుర్రని పట్టేసుకున్నది దీని తర్వాతి ముక్క. మారిషస్‌కి 30 లక్షలు, సేషెల్స్ నుంచి కూడా మూడు దీవులు తీసుకున్నారు కాబట్టి వాళ్లకి ఒక విమానాశ్రయం, కొబ్బరి తోటల కంపెనీకి సొమ్ము, అన్నీ కలిపి కోటి పౌండ్ల దాకా అవుతుందని అంచనా. సగం అమెరికా పెట్టుకోవాలి. కానీ చెక్కు రాస్తే అమెరికాలో కాంగ్రెస్ అడుగుతుంది, బ్రిటన్‌లో పార్లమెంటు అడుగుతుంది. అప్పుడు బ్రిటన్ అమెరికా దగ్గర పొలారిస్ క్షిపణులు కొంటోంది, వాటి ధరలో పరిశోధన ఖర్చు కింద కొంత వడ్డింపు ఉంది. అందులోంచి 1.4 కోట్ల డాలర్ల దాకా మాఫీ చేసేశారు, 1966 చివర్లో, పైకి చెప్పని కాగితం మీద. అప్పటి రేటు పౌండుకు 2.80 డాలర్లు, భాగించి చూడండి, సరిగ్గా 50 లక్షల పౌండ్లు! ఒక్క డాలరు చేతులు మారలేదు, ఏ బడ్జెట్‌లోనూ ఖర్చుగా కనపడలేదు. 1976లో అమెరికా ఆడిట్ కార్యాలయం తవ్వితే గానీ బయటికి రాలేదు. నా సర్వీసులో ఇలాంటి ఎంట్రీ ఒక్కటి చేసిన మేనేజరు ఉన్నా ఇంటికి పోయేవాడు. దీవికి అద్దె కూడా లేదు, అమెరికా కట్టాల్సింది స్థావరం కట్టుకున్న ఖర్చూ, నడుపుకునే ఖర్చూ మాత్రమే. యాభై ఏళ్లకి ఒప్పందం, ఆపైన ఇరవై పొడిగింపు.

వ్యాన్‌లో ఇదంతా మా తోడల్లుడికి చెప్పాను. "చూశారా, పెద్దవాళ్లే అడ్జస్ట్ చేసుకున్నారు" అన్నాడు.

మధ్యాహ్నం పాయింట్ ఓ సాబ్ వైపు వెళ్లాం. చాగోస్ వాళ్లలో చాలామంది అటూ, రోష్ బ్వా, కాసీ పేటల్లోనూ ఉంటారు. డ్రైవరుకి తెలిసిన ఒకావిడ ఇంటి వరండాలో కూర్చోబెట్టింది, అరవై దాటి ఉంటాయి. పెరోస్ బన్యోస్ దీవిలో పుట్టింది, 1973లో ఓడెక్కించినప్పుడు చిన్నపిల్ల. ఆవిడ క్రియోల్‌లో చెప్తే అతను ఇంగ్లీషులో, మధ్యలో రెండు తెలుగు ముక్కలు వేసి చెప్పాడు. ఓడలో గుర్రాలు కూడా ఉండేవనీ, వాటి తర్వాతే మనుషులనీ పెద్దవాళ్లు చెప్పుకునేవారట. 1967 నుంచి 1973 లోపు దీవులన్నీ ఖాళీ చేయించారు, పదిహేను వందల నుంచి రెండు వేల మంది. "సగ్రెన్" అన్న మాట చాలాసార్లు వాడింది. బెంగ అనుకుంటాను. మా అమ్మ ఆ బెంగతోనే పోయింది అంది, పోయిందని చెప్పడానికి ఇంక వేరే రోగం పేరు చెప్పలేదు.

డబ్బు సంగతి నేనే అడిగాను, అడగకుండా ఉండాల్సింది కాదేమో. వాళ్లకి ఇళ్లూ వాకిళ్లూ చూపించడానికని 1972లో బ్రిటన్ మారిషస్‌కి ఒప్పుకున్నది 6,50,000 పౌండ్లు. అది మనుషుల చేతికి వచ్చేసరికి 1978, ధరలు సగం తినేశాయి. ఈలోగా 1975లో మిషెల్ వెంకటేశన్ అనే ఆయన లండన్ కోర్టులో దావా వేశాడు (వెంకటేశన్! దక్షిణాది కూలీల పిల్లలు అక్కడా ఉన్నారన్నమాట). ఆ దావా వల్లే 1982లో 40 లక్షల పౌండ్లు వచ్చాయి. తీసుకునేటప్పుడు ఇంగ్లీషు కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నారు. ఇంక తిరిగి వెళ్తామని అడగం అని దాని అర్థమట, వేసినవాళ్లలో చాలామందికి చదువు రాదు. ఆవిడ బొటనవేలు ఎత్తి చూపించి నవ్వింది.

2025 మే ఒప్పందం చూడండి. సంతకం పెట్టింది ఆ నాణెం మీది పెద్దాయన కొడుకే, నవీన్ రామ్‌గులామ్. దాని ప్రకారం దీవుల మీద హక్కు మారిషస్‌ది, డియెగో గార్సియా మాత్రం 99 ఏళ్లు బ్రిటన్‌కి లీజు. మొదటి మూడేళ్లు ఏటా 16.5 కోట్ల పౌండ్లు, తర్వాత పదేళ్లు 12 కోట్లు, ఆపైన ధరలతో పాటు పెరుగుతుంది. ఇది కాక అభివృద్ధికని ఇరవై ఐదేళ్లు ఏటా 4.5 కోట్లు. మొత్తం 340 కోట్లే అని బ్రిటన్ ప్రభుత్వం, కాదు 3,500 కోట్లు అని ప్రతిపక్షం. ఇద్దరూ కూడికలో తప్పు చేయలేదు. ఒకరు వందేళ్ల తర్వాతి పౌండుని ఇవాళ్టి విలువకి దించి లెక్కేశారు, ఇంకొకరు అలాగే కూడారు. లోన్ సెక్షన్‌లో చేసినవాళ్లెవరికైనా తెలిసిన కిటుకే. స్థావరం నడిపే ఖర్చు ఎప్పట్లా అమెరికాది, అద్దె మాత్రం బ్రిటన్‌ది.

దీవుల వాళ్ల కోసం పెట్టిన ట్రస్టు నిధి 4 కోట్లు, ఒక్కసారే. మొదటి ఏడాది అద్దెలో పావు వంతు కూడా కాదు. ఆ ఒప్పందం ప్రకారం తక్కిన దీవులకి వెళ్లి ఉండొచ్చట, డియెగో గార్సియాకి మాత్రం వీల్లేదు. సంతకాలకి కొన్ని గంటల ముందు బ్రిటన్‌లో ఉంటున్న ఇద్దరు చాగోస్ ఆడవాళ్లు కోర్టుకెళ్లి ఆపించారు, మధ్యాహ్నానికి కోర్టు ఆ స్టే ఎత్తేసింది. మమ్మల్ని అడగలేదన్నదే వాళ్ల మాట. మరి మీరేమంటారని ఈవిణ్ణి అడిగితే భుజాలెగరేసింది. పడవ ఎవరు పెడతారు, అక్కడ నీళ్లెవరు ఇస్తారు, అది చెప్పమనండి ముందు, అంది.

లేస్తుంటే కొబ్బరిపాలలో వండిన కోడికూర, "సెరాజ్ పూల్" అంటారు, గిన్నెలో పెట్టి ఇచ్చింది. మా ఆవిడ శాకాహారి, అయినా రెండు చేతులతో తీసుకుంది. 2006లో బ్రిటన్ అనుమతితో ఓ వంద మందిని ఓడలో తీసుకెళ్లి సమాధులు చూపించి తెచ్చారట. ఈవిడ పేరు ఆ జాబితాలో రాలేదు.

గుమ్మం దగ్గర డ్రైవరు మా గురించి ఏదో చెప్పాడు, కోరంగి అన్న మాట వినబడింది. ఆవిడ నా వైపు తిరిగి ఏదో అడిగింది. అక్కడ ఇప్పుడు ఓడలు ఆగుతాయా అంటోంది అన్నాడతను. లేదండీ, రేవు ఎప్పుడో పూడిపోయింది, అంతా మడ చెట్లూ బురదే, చూడ్డానికేమీ లేదన్నాను.

"కానీ మీకు చూడాలనిపిస్తే వెళ్లొచ్చు కదా" అంది.

నలభై నిమిషాలు, బండి మీద, అన్నాను.