తిరగేసి రాసిన కె

మా ఇంట్లో బేస్‌బాల్ స్కోర్లు రాసుకునే పాత స్పైరల్ పుస్తకం ఒకటి ఉంది. అందులో 2011 అక్టోబర్ 27 అని తేదీ వేసిన పేజీలో రెండు చేతిరాతలు కనిపిస్తాయి. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండో అవుట్ వరకు నాది. ఆ తర్వాతదంతా నాన్నది. ఆ రెండు రాతలకీ మధ్య దాదాపు మూడు నెలలు గడిచాయి.

1989లో, నాకు ఏడేళ్లప్పుడు, గుంటూరు నుంచి డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌కి వచ్చాం. నాన్న కాలేజీ రోజుల్లో క్రికెట్ టీమ్‌లో ఉండేవారు, కానీ ఆడటానికి కాదు, స్కోరు రాయడానికి. ఆ వేసవిలో ఆఫీసులో ఎవరో టికెట్లు ఇస్తే ఆర్లింగ్టన్ స్టేడియానికి తీసుకెళ్లారు. కూర్చునే అల్యూమినియం బల్లలు పెనంలా కాలుతున్నాయి. ఆట ఇద్దరికీ అర్థం కాలేదు. కానీ పక్కన ఒక ముసలాయన ఒళ్లో పెట్టుకుని గీస్తున్న గళ్ల కాగితం మాత్రం నాన్నకి పది నిమిషాల్లో అర్థమైపోయింది. తిరిగొచ్చేటప్పుడు దారిలో ఆగి ఈ స్పైరల్ పుస్తకం కొన్నారు.

బేస్‌బాల్ స్కోరు రాయడం ముచ్చటైన పని. ఫీల్డర్‌కో నంబరు ఉంటుంది. బంతి విసిరే పిచర్ 1, థర్డ్ బేస్ దగ్గర నిలబడేవాడు 5, రైట్ ఫీల్డ్‌లో దూరంగా ఉండేవాడు 9. తేలికైన క్యాచ్ వదిలేస్తే తప్పు అని ఇంగ్లిష్ ఇ అక్షరం రాసి, పక్కన అతని నంబరు వేస్తారు. బ్యాటర్ బ్యాటు ఊపి తప్పినా, కొట్టదగ్గ బంతిని వదిలేసినా ఒక స్ట్రైక్. మూడు స్ట్రైకులకి అవుటైతే ఇంగ్లిష్ కె రాస్తారు. మూడోదానికి బ్యాటు ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే కె అక్షరాన్ని అద్దంలో చూసినట్టు తిరగేసి రాస్తారు. నాన్నకి ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చింది ఈ తిరగేసిన కె. "చూడరా, ప్రయత్నించి అవుటైనవాడికీ ఊరికే నిలబడినవాడికీ తేడా రాస్తారు వీళ్లు" అనేవారు.

ఆ ఏడాదే పిచర్ నోలన్ రయన్ మా టెక్సస్ రేంజర్స్‌కి ఆడటం మొదలుపెట్టాడు. 1991 మే 1న, 44 ఏళ్ల వయసులో, ఆయన ఏడో నో-హిట్టర్ వేసినప్పుడు రేడియో వింటూ స్కోరు రాసుకున్నాం. అవతలి జట్టుకి ఒక్క హిట్ కూడా లేని ఆ పేజీ ఎంత ఖాళీగా, ఎంత అందంగా ఉంటుందో! అలాంటి రోజులు లెక్కకి కొన్నే. మా టీమ్ 1972లో వాషింగ్టన్ నుంచి ఆర్లింగ్టన్‌కి మారింది. ఏడాది చివర కప్పు ఎవరిదో తేల్చే వరల్డ్ సిరీస్ గడప తొక్కడానికి 2010 దాకా పట్టింది. ఆ ఏడాది శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ చేతిలో 4-1తో ఓడాం. పెద్దగా బాధపడలేదు. అన్నప్రాశన నాడే ఆవకాయా అనుకున్నాం.

2011లో మళ్లీ వెళ్లాం. ఈసారి ఎదురుగా సెయింట్ లూయిస్ కార్డినల్స్. ఐదు ఆటలయ్యేసరికి 3-2తో మాదే పైచేయి. ఇంకొక్కటి గెలిస్తే కప్పు మాది. ఆరో ఆట సెయింట్ లూయిస్‌లో, బుధవారం రాత్రి జరగాలి. అదే రోజు మా ఇంట్లో దీపావళి. అమ్మ పూజ ఎన్నింటికి పెడుతుందా అని నేను టెన్షన్ పడుతుంటే, అక్కడ వాన వస్తుందని ఆట గురువారానికి మార్చారు. "లక్ష్మీదేవి మన పక్షానే ఉంది" అంది అమ్మ. సున్నుండలు సగం డబ్బా పక్కన పెట్టి, గెలిచాక తిందామంది.

ఏడో ఇన్నింగ్స్‌లో మా ఎడ్రియన్ బెల్ట్రే, నెల్సన్ క్రూజ్ వెంటవెంటనే హోమ్ రన్లు కొట్టారు, అంటే బంతిని గోడ దాటించారు. ఆ ఇన్నింగ్స్ అయ్యేసరికి 7-4. ఎనిమిదిలో వాళ్లొకటి తగ్గించారు. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగంలో మా పిచర్ నెఫ్తాలీ ఫెలిజ్ బంతి అందుకునేసరికి 7-5. మూడు అవుట్లు తీస్తే చాలు. ఇద్దరు బేసుల మీదికి చేరారు గానీ, రెండు అవుట్లయ్యాయి. రెండోవాడు ఆలెన్ క్రెయిగ్, చూస్తూ నిలబడి అవుటయ్యాడు. తిరగేసి కె రాశాను. ఆ పేజీలో నేను రాసిన ఆఖరి అక్షరం అదే.

తర్వాత వాళ్ల డేవిడ్ ఫ్రీజ్ వచ్చాడు. రెండు స్ట్రైకులు పడ్డాయి. ఇంకొక్క స్ట్రైక్. నేను డబ్బా మూత తీసి సున్నుండ చేతిలోకి తీసుకున్నాను. ఫ్రీజ్ రైట్ ఫీల్డ్ వైపు లేపాడు. క్రూజ్ వెనక్కి పరిగెత్తాడు, చెయ్యి చాచాడు, బంతి అతన్ని దాటి గోడకి తగిలింది. 7-7.

అక్కడితో పోతే ఏదోలా సర్దుకునేవాణ్ణేమో. స్కోరు సమమైంది కాబట్టి ఆట సాగింది. పదో ఇన్నింగ్స్‌లో మా జోష్ హామిల్టన్ హోమ్ రన్ కొట్టి 9-7 చేశాడు. మళ్లీ ఆశ. మళ్లీ రెండు అవుట్లు, మళ్లీ రెండు స్ట్రైకులు, ఈసారి లాన్స్ బెర్క్‌మన్ కొట్టాడు. 9-9. పదకొండులో ఫ్రీజే హోమ్ రన్ కొట్టి ముగించాడు. 10-9. నా చేతిలో సున్నుండ పిండైపోయి ఉంది.

మా ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "జులైలో జరిగింది గుర్తు తెచ్చుకో" అంది. ఆ జులైలో మా స్టేడియంలోనే, కొడుకు కోసం బంతి పట్టుకోబోయి ఒక తండ్రి స్టాండ్స్ లోంచి కింద పడి చనిపోయాడు. సెప్టెంబర్ చివర, ప్లేఆఫ్స్ మొదటి ఆటకి ముందు, ఆ పిల్లాడే వచ్చి లాంఛనంగా మొదటి బంతి విసిరాడు. పట్టుకున్నది హామిల్టన్. తను చెప్పింది నిజమే. దాని ముందు ఇదొక ఓటమా? కానీ ఆ మాట నా బాధని తగ్గించలేదు, దానికి సిగ్గుని జోడించింది. ఎవరికైనా బాధగా ఉన్నప్పుడు ఇంతకన్నా పెద్ద బాధ చూపించడం మానేశాను అప్పట్నుంచీ.

శుక్రవారం ఏడో ఆట 6-2తో పోయింది. దాన్ని గురించి చెప్పడానికేం లేదు.

తర్వాతి వారాల్లో నేను చేసినవన్నీ తెలివితక్కువ పనులే. ఫోన్లో వార్తలు తీసేశాను. స్టేడియం కనబడకుండా చుట్టూ తిరిగి ఆఫీసుకి వెళ్లాను. క్రూజ్‌ని తిట్టడం ఒక అలవాటైంది. స్నానం చేస్తూ కూడా ఆ బంతిని అతను నాలుగడుగులు వెనక నిలబడి పట్టేసుకున్నట్టు ఊహించుకునేవాణ్ణి. ఇది ఆటేగా అని నాకు నేను రోజూ చెప్పుకున్నాను. ఇరవై రెండేళ్లుగా ఏడాదికి 162 ఆటలు వెంటపడి చూసినవాడికి ఆ మాట ఎలా ఎక్కుతుంది?

జనవరిలో సంక్రాంతికి ఇంటికెళ్తే నాన్న అల్మరా సర్దుతూ పుస్తకం తీశారు. పేజీలు తిప్పి, ఒక చోట ఆగారు.

"ఇదేంట్రా, సగంలో వదిలేశావు?"

"ఓడిపోయాం కదా నాన్నా."

"ఓడిపోతే? స్కోరరువా, అభిమానివా?" నిజంగా కోపం వచ్చింది ఆయనకి. "మా కాలేజీ 60 పరుగులకి ఆలవుటైన రోజున కూడా ఆఖరి బంతి దాకా రాశాను. పెట్టు ఆ రికార్డింగు."

ఆ రికార్డింగు నా దగ్గరే ఉంది, చెరిపెయ్యలేదు, చూడనూ లేదు. నేను పెన్సిల్ పట్టుకోనన్నాను. ఆయనే పట్టుకున్నారు. అయితే తొమ్మిదో ఇన్నింగ్స్ నుంచి కాదు, మొదటి నుంచీ పెట్టమన్నారు, నేను రాసింది సరిగ్గా ఉందో లేదో చూడాలట.

ఐదో ఇన్నింగ్స్‌లో ఒక గడిలో ఇ-5 అని ఉంది. నా చేతిరాతే, కానీ నాకు గుర్తు లేదు. హామిల్టన్ పైకి లేపిన తేలికైన బంతిని థర్డ్ బేస్‌మన్ జారవిడిచాడు. దాంతో మాకొక పరుగు వచ్చింది. ఆ థర్డ్ బేస్‌మన్ ఎవరు? ఫ్రీజే. తొమ్మిదిలో మమ్మల్ని ముంచినవాడే ఐదులో వాళ్ల ఊరివాళ్ల ముందు చిన్నపిల్లలు పట్టే క్యాచ్ వదిలేశాడు. అతను సెయింట్ లూయిస్ దగ్గరే పెరిగినవాడు, కార్డినల్స్‌ని చూస్తూ పెద్దయినవాడు. ఆ నాలుగు ఇన్నింగ్స్ అతనెలా ఉండి ఉంటాడా అని మొదటిసారి అనిపించింది.

ఏడో ఇన్నింగ్స్‌లో క్రూజ్ గడి నిండా గీతలు, హోమ్ రన్. నాన్న అక్కడ పెన్సిల్ ఆనించి, "నువ్వు తిడుతున్నది ఇతన్నేనా?" అన్నారు. అంతకుముందు సిరీస్‌లో డెట్రాయిట్ మీద ఆరు హోమ్ రన్లు కొట్టింది కూడా అతనే. అతను లేకపోతే సెయింట్ లూయిస్ దాకా వెళ్లేవాళ్లమే కాదు. మూడు నెలలుగా నా దగ్గర ఒక్క బంతే ఉంది. పేజీలో అతని వరస మొత్తం ఉంది.

ఫ్రీజ్ కొట్టినప్పుడు కళ్లు మూసుకున్నాను. పెన్సిల్ గీస్తున్న చప్పుడు వినిపించింది. తెరిచి చూస్తే మూడు బేసులకి మూడు చిన్న గీతలు. అంతే. ఆ పేజీలో ఆ గడి మిగతావాటికన్నా పెద్దదేం కాదు.

బాధ పోయిందని చెప్పను. ఇప్పటికీ ఆ బంతి ఎక్కడైనా కనబడితే కడుపులో తిప్పుతుంది. తిట్టడం మాత్రం ఆగింది. ఏప్రిల్‌లో స్టేడియానికి మామూలు దారినే వెళ్లాను.

తర్వాత పన్నెండేళ్లు పట్టింది. 2023లో మా మేనేజర్ బ్రూస్ బోచీ. 2010లో మమ్మల్ని ఓడించిన జెయింట్స్ మేనేజర్ ఆయనే, ఈ ఆటలో ఎవర్నీ మనసారా ద్వేషించడానికి వీల్లేదు. వరల్డ్ సిరీస్ మొదటి ఆట సరిగ్గా అక్టోబర్ 27నే పడింది. ఆర్లింగ్టన్‌లో, ఎరిజోనాతో. ఈసారి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు పరుగులు వెనకబడింది మేము. కోరీ సీగర్ సమం చేశాడు. పదకొండులో అడోలిస్ గార్సియా ముగించాడు. ఎరిజోనావాళ్ల ఇళ్లలో ఆ రాత్రి ఎవరో పెన్సిల్ కింద పడేసి ఉంటారు.

నవంబర్ 1న ఐదో ఆట, గెలిస్తే కప్పు మాదే. టీవీ ముందు నాన్న, నేను, ఒళ్లో అదే పుస్తకం. సున్నుండల డబ్బా మూత ముట్టుకోలేదు. తొమ్మిదో ఇన్నింగ్స్, రెండు అవుట్లు, రెండు స్ట్రైకులు. మా జోష్ స్బోర్జ్ వేసిన బంతిని కెటెల్ మార్టే బ్యాటు ఊపకుండా చూస్తూ ఉండిపోయాడు. ఇల్లంతా గోల. నేను ఏడుస్తూ కె రాసేశాను.

నాన్న కళ్లజోడు సర్దుకుని పేజీ వైపు వంగారు. "ఒరే, ఊపలేదు వాడు. తిరగేసి రాయి."