డిక్కీ మీద అక్షరాలు

ఆదివారం, రాత్రి

రెండు చూపుడు వేళ్ల మీదా దారం ఒరుసుకున్న ఎర్రటి గీతలున్నాయి. గ్లవ్స్ లేకుండానే మొదలుపెట్టాను. రెండో అక్షరానికి వచ్చేసరికి మంట తెలిసింది, అప్పుడు వెళ్లి తొడుక్కున్నాను. అయినా మనసుకి చాలా హాయిగా ఉంది. రెండేళ్లుగా వాయిదా పడుతున్న పని ఇవాళ అయిపోయింది. నాన్న కారు డిక్కీ మీది అక్షరాలు తీసేశాను. పెయింటు మీద ఒక్క గీత కూడా పడలేదు.

నాన్న ఈ కారు కొని పదకొండేళ్లు. డిక్కీ మీద కుడి పక్కన ఆరు అక్షరాల్లో దాని పేరు ఉండేది. రెండేళ్ల కింద మూడో అక్షరం ఎక్కడో రాలిపోయింది. అప్పట్నుంచీ కారు తుడిచినప్పుడల్లా నాన్న ఆ ఖాళీ దగ్గర ఓ క్షణం ఆగేవారు. ఆ ఒక్క అక్షరమూ విడిగా దొరకలేదు. పాత రంగు మీద మెరిసిపోయే కొత్త సెట్టు పెట్టడం ఆయనకి ఇష్టం లేదు. "ఉంటే అన్నీ ఉండాలి, లేదా అన్నీ తీసెయ్యాలమ్మా" అని మొన్న రాత్రి అన్నారు. ఆ మాట నాకు రెండు రోజులూ గుర్తొస్తూనే ఉంది.

ఇన్నాళ్లూ నేను జంకడానికి కారణం ఎడమ వైపు వెనక డోరు. చాలా ఏళ్ల కింద ఒక వర్క్‌షాపులో స్టిక్కర్ తీసెయ్యమంటే బ్లేడు పెట్టి గీకారు. వేలెడంత గీత పడింది, రేకు తగిలేదాకా. రెండు వానాకాలాలు తిరక్కుండానే దాని అంచున తుప్పు మొదలైంది. రంగు మీద ఉండే పారదర్శకమైన పై పొర, క్లియర్ కోట్, మందం సుమారు 40, 50 మైక్రాన్లే. మామూలుగా తల వెంట్రుక మందం కూడా దానికంటే ఎక్కువే ఉంటుంది. బ్లేడుకి అదెంత? ఆ గీత చూసినప్పుడల్లా నాకిప్పటికీ బాధేస్తుంది.

పొద్దున్నే డిక్కీ అంతా షాంపూతో కడిగాను. అక్షరాల సందుల్లో ఇరుక్కున్న మట్టిని మెత్తటి బ్రష్షుతో తీశాను. ఈ పని తప్పకుండా చెయ్యాలి. అక్షరాల వెనకున్న టేపుని దారంతో కోసేటప్పుడు ఒక్క ఇసుక రేణువు అడ్డం పడినా అది రంగుని గీసుకుంటూ పోతుంది. ఆరాక అక్షరాల చుట్టూ మాస్కింగ్ టేప్ అంటించాను.

ఈలోగా తమ్ముడు వచ్చి, "అక్కా, గుండ్రంగా ఉన్న ఆ లోగో కూడా తీసేద్దామా? శుభ్రంగా ఉంటుంది" అన్నాడు. ముందు లోపల్నుంచి చూద్దామన్నాను. డిక్కీ తలుపు లోపలి కవర్ కొంచెం తప్పించి టార్చి వేస్తే, రేకులో రెండు రంధ్రాలు, వాటిలోంచి లోగో వెనక పిన్నులు కనిపించాయి. అది తీస్తే రంధ్రాలు మిగులుతాయి. నీళ్లు దిగుతాయి, అక్కణ్నుంచి మళ్లీ తుప్పు. దాన్ని ముట్టుకోలేదు. అక్షరాలకీ, పక్కనే షోరూం వాళ్లు అంటించిన చిన్న ప్లేటుకీ పిన్నుల్లేవు, రెండు వైపులా అంటుకునే స్పాంజిలాంటి నురుగు టేపు ఒక్కటే.

ఇంకో సందేహం కూడా తీర్చుకున్నాను. "నాన్నా, డిక్కీకి ఎప్పుడైనా రంగు వేయించారా?" అని అడిగాను. తర్వాత వేయించిన రంగు అన్నిసార్లూ కంపెనీ రంగంత గట్టిగా పట్టి ఉండదు. టేపుతో పాటు పెచ్చులా లేచి వచ్చేయొచ్చు. "బంపరుకి వేయించాం గానీ దీనికి ఎప్పుడూ లేదు" అన్నారు. ధైర్యం వచ్చింది.

తమ్ముడు స్నేహితుడి దగ్గర్నుంచి హీట్ గన్ తెస్తానన్నాడు. వద్దన్నాను. అందులోంచి వచ్చే గాలి 500 డిగ్రీల దాకా వెళ్లగలదు. ఒక్క క్షణం ఏమరితే పెయింటు పొంగుతుంది. ఇంట్లో తల ఆరబెట్టుకునే డ్రయ్యర్ చాలు. దాన్ని జానెడు దూరంలో పట్టుకుని, ఒకచోట ఆపకుండా అటూ ఇటూ తిప్పుతూ రెండు మూడు నిమిషాలు వేడి చేశాను. మధ్యమధ్య అరచెయ్యి ఆనించి చూసుకున్నాను. చెయ్యి పెట్టి ఉంచగలిగితేనే సరైన వేడి, చురుక్కుమని వెనక్కి లాక్కోవాల్సి వస్తే ఆగాలి.

గాలానికి వాడే నైలాన్ దారం మూరెడు కత్తిరించి, రెండు చేతులకీ చుట్టుకుని, చివరి అక్షరం వెనకాల పైనుంచి దూర్చాను. రంపంలా అటూ ఇటూ లాగుతూ కిందికి దింపాను. మొదట కదల్లేదు. బలం పెట్టాలనిపించింది, పెట్టలేదు. మళ్లీ డ్రయ్యర్ పట్టాను. ఈసారి నురుగు తెగుతున్న చప్పుడు వినిపించింది, తడి స్పాంజిని గోటితో గీరినట్టు సన్నగా. అక్షరం కింది అంచున కాసేపు వేలాడి నా చేతిలో పడింది. గోరువెచ్చగా ఉంది.

మరో మూడు అక్షరాలు అలాగే వచ్చాయి. మొదటిది మొండికేసింది. నేను డ్రయ్యర్ పెట్టి వచ్చేలోగా తమ్ముడు స్క్రూడ్రైవర్ కొనని దాని కిందికి పెట్టబోయాడు. గట్టిగా అరిచాను. వాడి మొహం చిన్నబోయింది. పాపం, సాయం చేద్దామనే కదా వాడి తాపత్రయం. దగ్గరికి పిలిచి ఎడమ డోరు మీది గీత మీద వాడి వేలు పెట్టించాను. ఏమీ అనలేదు. వెళ్లి స్క్రూడ్రైవర్ లోపల పెట్టేసి, డ్రయ్యర్ వాడే పట్టుకున్నాడు. మొదటి అక్షరానికి మూడుసార్లు వేడి పెట్టాల్సి వచ్చింది. షోరూం ప్లేటు మాత్రం ఒక్క నిమిషంలో ఊడింది.

అసలు ఓపిక ఆ తర్వాత కావాలి. అక్షరాలు పోయాయి గానీ వాటి ఆకారంలో నల్లటి నురుగు అలాగే అంటుకుని ఉంది. బొటనవేలితో ఒక అంచు నుంచి నొక్కుతూ రుద్దితే రబ్బరుతో చెరిపినప్పటి పొట్టులా ఉండలు కట్టి రాలుతుంది. దాదాపు గంట పట్టింది. మిగిలిన జిగురు మీద డబ్ల్యూడీ-40 అనే నూనె స్ప్రే చల్లి, అయిదు నిమిషాలు నాననిచ్చి, మైక్రోఫైబర్ బట్టతో తుడిచాను. థిన్నర్ అయితే ఒక్క దెబ్బకి పోతుందని ఎదురింటి బాబాయి గారు గేటు దగ్గర్నుంచే చెప్పారు. జిగురు పోతుంది నిజమే, దాంతో పాటు రంగు కూడా మెత్తబడి మెరుపు చస్తుంది. "ఇది కాస్త మెల్లగా పోయినా ఫర్వాలేదు బాబాయి గారూ" అన్నాను. చివర్లో నూనె మరక ఉండకుండా మళ్లీ షాంపూతో కడిగాను.

ఆరాక పక్కనుంచి చూస్తే పేరు ఇంకా కనబడుతోంది! లోహపు అక్షరాల్లేవు గానీ వాటి నీడల్లా ముదురు రంగులో ఆకారాలున్నాయి. పదకొండేళ్లు చుట్టూ ఉన్న రంగు ఎండకి వెలిసింది, అక్షరాల కింద ఉన్నది కొత్తదానిలా మిగిలింది. చేత్తోనే పాలిష్ పెట్టాను. చుట్టూ పేరుకున్న మసక పొర పోయి తేడా బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు, పోదు కూడా. రంగే వెలిసిపోయిన చోట ఎంత పాలిష్ పెట్టినా అది వెనక్కి రాదు. ఇంకా రుద్దితే క్లియర్ కోట్ పలచబడుతుందని ఆపేశాను.

సాయంత్రం ఏటవాలు ఎండ డిక్కీ మీద పడుతుంటే నాన్న వచ్చి నిలబడ్డారు. వంగి, తల పక్కకి వాల్చి, ఒక్కో అక్షరం మీదుగా వేలు పోనిచ్చారు. మూడోదాని దగ్గర ఆగారు. రెండేళ్ల ముందే ఎండ పడటం మొదలైంది కాబట్టి దాని ఆకారం అన్నిటికంటే మసకగా ఉంది.

"దీనికీ ఉందే" అన్నారు. ఆ గొంతులో సంతోషం విని నాకు కళ్లు చెమర్చాయి.

తీసిన అయిదు అక్షరాలూ కవర్లో పెట్టి ఆయన చేతికిచ్చాను. కారు కాగితాలు ఉండే ఫైల్లో పెట్టుకున్నారు. వాక్స్ రాయడం మిగిలింది. చీకటి పడిపోయింది, రేపు పొద్దున తమ్ముడు రాస్తానన్నాడు.