పెళ్లాం పోయిందని సంబరపడ్డ ఆర్ఫియస్

క్యాన్‌క్యాన్ ట్యూన్ మీరు వినే ఉంటారు. పేరు గుర్తు రాకపోయినా, వరసగా నిలబడి గౌన్లు ఎత్తి పట్టుకుని కాళ్లు పైకి విసిరే ఆ డ్యాన్స్ చూస్తే "ఓహ్, ఇదా" అంటారు. అది పారిస్‌లోని మూలాన్ రూజ్ అనే డ్యాన్స్ క్లబ్బు వాళ్ల సొంత సరుకే అని చాలా ఏళ్లు అనుకున్నాను. తీరా చూస్తే ఆ క్లబ్బు తెరిచింది 1889లో, ట్యూన్ కట్టిన ఆఫెన్‌బాక్ పోయింది 1880లో!

అసలు అది 1858 అక్టోబర్ 21న పారిస్‌లో మొదటిసారి ఆడిన 'ఓర్ఫే ఓజాంఫేర్' అనే ఆపరెట్టాలోది, అంటే పాటలతో నడిచే సరదా నాటకంలోది. 'పాతాళంలో ఆర్ఫియస్' అనుకోండి. గ్రీకు కథలో ఆర్ఫియస్ చనిపోయిన భార్య కోసం పాతాళానికి వెళ్తాడు, వెనక్కి చూడొద్దన్న షరతు తప్పి ఆమెను మళ్లీ పోగొట్టుకుంటాడు. ఇక్కడేమో ఆయనో వయొలిన్ మాస్టారు, ఆ వయొలిన్ మోగితే చాలు ఆవిడకు ఒళ్లు మంట, ఇద్దరికీ బయట వ్యవహారాలున్నాయి, కాబట్టి ఆవిడ పోగానే ఈయనకు పీడ విరగడైనట్టే. కానీ లోకాభిప్రాయం ఊరుకోదు. అంటే 'నలుగురూ ఏమనుకుంటారు' అన్న మాటనే మనిషిని చేసి స్టేజి ఎక్కించారు! ఆ లోకాభిప్రాయమే భార్యను వెనక్కి తెచ్చుకోమని ఆయన్ని రెక్క పట్టుకుని లాక్కెళ్తుంది.

నాకు బాగా నచ్చింది ఈగ పాట. దేవుళ్ల రాజు జూపిటర్ ఈగగా మారి తాళం కన్నంలోంచి దూరి, గదిలో ఉన్న ఆర్ఫియస్ భార్య యూరిడిసీతో డ్యూయెట్ పాడతాడు, ఆయన పాడేదంతా దాదాపు 'జ్‌జ్‌జ్' మాత్రమే. చివర్లో ఆర్ఫియస్ బుద్ధిగా ముందుకే చూస్తూ నడుస్తుంటే జూపిటరే పిడుగు విసిరి వెనక్కి తిరిగేలా చేస్తాడు. అందరికీ కావలసింది అదే.

జూల్ జానాన్ అనే పెద్ద విమర్శకుడు ఇది పవిత్రమైన ప్రాచీన గాథలకు అపచారమని పత్రికలో దుమ్మెత్తిపోశాడు. ఆఫెన్‌బాక్ వాళ్లూ ఫిగారో పత్రికలో గట్టిగానే బదులిచ్చారు. ఆ గొడవతో టికెట్లు ఇంకా బాగా తెగి, మొదటి విడతలోనే 228 ప్రదర్శనలు నడిచాయి. 1874లో ఆఫెన్‌బాక్ దాన్నే నాలుగు అంకాలకు సాగదీసి భారీ హంగులతో మళ్లీ వేశాడు. నాకైతే పొట్టిదే ముద్దు.

అన్నట్టు, 1886లో సాన్ సాన్స్ అనే మరో స్వరకర్త ఈ క్యాన్‌క్యాన్‌నే పట్టుకుని, నత్తనడకన వాయించి, దానికి 'తాబేళ్లు' అని పేరు పెట్టాడు. ఒకసారి వినండి, ట్యూన్ గుర్తుపట్టడానికి నాకు రెండుసార్లు పట్టింది.