ఆరు అక్షరాలు, ఒక నెత్తుటి బొమ్మ: నా అనుభవం

నిన్ననే అయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

నేను నెల్లూరు పొగతోటలో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుని. ఊళ్లోనే ఒక కాలేజీలో సైకాలజీ పరిశోధనకి మనుషులు కావాలంటే వెళ్లా. బుర్ర వేరే పనిలో మునిగి ఉన్నప్పుడు భయపెట్టే బొమ్మ, బాధపెట్టే బొమ్మ మనసుని ఎంత తాకుతుందనేది వాళ్లు చూస్తున్న విషయం. పేరు ఫోన్‌లోనే రాసుకున్నారు. తలకి నూనె లేకుండా రమ్మన్నారు, కోవూరు నుంచి అట్నే బస్సెక్కి పోయినా.

సమ్మతి పత్రం మొత్తం ఇంగ్లీషులో ఉంది. నా పక్కన కూర్చున్న కావలి ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏముందక్కా, సంతకం పెట్టేయండి" అన్నాడు అక్కడి కుర్రాడు. నేను ఊరుకోలేదు. పాల్గొనేవాళ్లకి అర్థమయ్యే భాషలోనే చెప్పాలని, మధ్యలో వద్దనుకుంటే లేచి వెళ్లిపోవచ్చని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నాటి మార్గదర్శకాల్లో ఉందని అడిగితే, అప్పుడు బీరువాలోంచి తెలుగు కాగితం బయటికొచ్చింది. ఉంచుకుని కూడా ఇవ్వరు! మీరెవరైనా వెళితే ఇది అడగకుండా పెన్ను పట్టుకోవద్దు.

మెదడు తరంగాలు కొలిచే టోపీ పెట్టారు, ఎలక్ట్రోడ్ల కింద జెల్ పూశారు, కదలొద్దన్నారు. తెర మీద ముందు అక్షరాలు వస్తాయి, ఒకసారి రెండు, ఒకసారి ఆరు. వాటిని మనసులో పట్టుకుని ఉండగానే ఒక బొమ్మ వస్తుంది. అది పోయాక అక్షరాలు చెప్పాలి, బొమ్మ చూస్తే ఎంత కదిలిపోయామో 1 నుంచి 9 దాకా అంకె నొక్కాలి. ఆ బొమ్మలు అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు పరిశోధనల కోసమే కూర్చినవట, బయటివాళ్లకి ఇవ్వరట.

ఆరు అక్షరాలు వచ్చినప్పుడు పెదాలు కదపకుండా లోపలే తిప్పుకుంటూ కూర్చున్నా. తెగిన చెయ్యి బొమ్మ వచ్చింది. మణికట్టు దగ్గర చర్మం వెనక్కి ముడుచుకుపోయి ఉంది. చూశాను, కానీ నా ధ్యాసంతా అక్షరాల మీదే. 3 నొక్కాను. రెండే అక్షరాలున్నప్పుడు ఏడుస్తున్న పసిబిడ్డ వచ్చింది. గొంతు పట్టేసింది, 8 నొక్కాను. అక్షరాలు మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. ఏళ్ల తరబడి డోసులు, టైములు నోటికి పెట్టుకున్న బుర్ర ఇది.

అయిపోయాక ఆ కుర్రాడు నా అంకెలు చూసి, బయట కూర్చున్న వాళ్లందరికీ వినపడేలా అన్నాడు: "నెత్తురు చూసి మూడా? సిస్టర్లకి మనసు మొద్దుబారిపోయి ఉంటుంది మేడమ్, ఈమె డేటా తీసేద్దాం." కావలి ఆవిడ తలొంచుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మొద్దుబారిన మనసైతే పసిబిడ్డకి 8 ఎందుకు నొక్కుతుంది? ఆ మాట అక్కడే అడిగాను. జవాబు లేదు. తన చేతిలో ఉన్న కాగితం చదవడం కూడా రాని వాడు మనుషుల మనసుల మీద తీర్పులు చెప్పకూడదు.

ఈ పరిశోధనకి గైడుగా ఉన్న మేడమ్ లోపలికి పిలిచి కూర్చోబెట్టి, కాగితం మీద గీత గీసి చూపించింది. మనసుని కదిపే బొమ్మ కనపడితే, సెకనులో సగం కూడా కాకముందే నడినెత్తి వెనక భాగంలో మెదడు తరంగం పైకి లేస్తుంది. దాన్ని లేట్ పాజిటివ్ పొటెన్షియల్ అంటారు. ఆరు అక్షరాలు మోస్తున్నప్పుడు ఆ అల చిన్నదవుతుందని 2011లోనే మక్‌నమారా, హజ్‌చాక్ అనే పరిశోధకులు చూపించారట. అంతకుముందు 2007లో నెదర్లాండ్స్‌లో వాన్ డిల్లెన్, కూల్ అనే ఇద్దరు బాధపెట్టే బొమ్మలు చూపించి వెంటనే లెక్కలు చేయిస్తే, ఆ బాధ తగ్గిందట. "మీరు నొక్కిన 3కీ 8కీ మధ్య తేడానే మేం వెతుకుతున్నది అమ్మా" అంది. నా డేటా తీసెయ్యలేదు. ఆ కుర్రాడి చేత అందరి ముందూ క్షమాపణ చెప్పించింది.

ఇది విన్నాక నాకు నా డ్యూటీ అర్థమైంది. ఆగిపోయిన గుండె కోసం సీపీఆర్ చేసేటప్పుడు ఛాతీ మీద ముప్పై నొక్కులు, రెండు శ్వాసలు, మళ్లీ ముప్పై. లెక్క నడుస్తున్నంతసేపూ ఎదురుగా ఉన్న ముఖం నాకు సరిగా ఆనదు. లెక్క ఆగాకే ఆ తల్లి ఏడుపు చెవిలో పడుతుంది. దీన్ని రాతిగుండె అనే బంధువులు, కొత్త డాక్టర్లు నాకు బోలెడుమంది తగిలారు. ఆ సమయంలో మేం ఏడిస్తే డోసు ఎవరు లెక్కపెడతారు?

ఇంకొక్క సంగతి. నైట్ డ్యూటీ దిగి నేరుగా ఈ ప్రయోగానికి పోవద్దు. బొమ్మలు చూశాక కాసేపు కూర్చోబెట్టి మాట్లాడతారా అని ముందే అడగండి. దారి ఖర్చులు వెంటనే ఇచ్చారు, దాని గురించి నాకు పేచీ లేదు. రెండో విడతకి మేడమ్ మళ్లీ రమ్మంది. పోతాను, కానీ ఆ కుర్రాడు గదిలో ఉండకూడదని చెప్పి వచ్చా.