టొకోవా జలపాతం పైన లేని చెరువు

అట్లాంటా నుంచి ఈశాన్యంగా సుమారు గంటన్నర ప్రయాణించి టొకోవా జలపాతాన్ని చూడబోయేవారిలో చాలామంది, 186 అడుగుల ఎత్తు నుంచి దూకే నీటిని ఫోటో తీసుకుని వెనుదిరుగుతారు. మొదటిసారి నేనూ అంతే చేశాను. ఆ జలపాతానికి ఎగువన ఒకప్పుడు చెరువు ఉండేదనీ, 1977 నవంబరు 6న అర్ధరాత్రి దాటాక దాని మట్టికట్ట తెగి, దిగువన బైబిల్ కళాశాల ఆవరణలో నిద్రిస్తున్న 39 మందిని నీరు పొట్టన పెట్టుకుందనీ రెండోసారి వెళ్లినప్పుడు గానీ తెలియలేదు.

కెల్లీ బార్న్స్ ఆనకట్ట అని పిలిచే ఆ కట్ట ఎత్తు సుమారు 40 అడుగులు, చెరువు విస్తీర్ణం 40 ఎకరాలు. 1899లో విద్యుత్తు కోసం రాళ్లతో కట్టిన చిన్న అడ్డుగోడపై 1937 తర్వాత మట్టి పోసి, విడతలుగా ఎత్తు పెంచారు. 1957లో విద్యుదుత్పత్తి ఆగిపోయాక అది కేవలం విహారానికి మిగిలింది. మా తెలంగాణ పల్లెలో తూము ఎత్తడానికీ, మత్తడి దగ్గర చెత్త తీయడానికీ, కట్ట మీద తిరిగి బుంగలు వెతకడానికీ నీరటి ఉండేవాడు. అతడికి కూలి ముట్టేది ఆయకట్టు పంట నుంచే. ఆయకట్టు లేని చెరువుకు నీరటి ఎక్కడి నుంచి వస్తాడు?

కట్ట తెగడానికి దర్యాప్తు బృందం ఒకే కారణాన్ని తేల్చలేకపోయింది. వెలుపలి వాలు నిటారుగా ఉండి, దాని మీద చెట్లు పెరిగి ఉన్నాయి. రోజుల తరబడి కురిసిన వానకు మట్టి నానిపోయింది. వాలు జారిపోవడం, బహుశా లోపల బుంగ పడటం కలిసి పనిచేసి ఉంటాయని భావించారు. మరుసటి ఏడాదే జార్జియా రాష్ట్రం ఆనకట్టల భద్రతా చట్టం చేసింది. అయితే 25 అడుగుల ఎత్తుగానీ 100 ఎకరా-అడుగుల (ఎకరా నేల మీద అడుగు లోతున నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు) నిల్వగానీ లేని చిన్న కట్టలు దాని పరిధిలోకి రావు.

మా కాలనీ చెరువు అలాంటిదే. బాతులు, నడకదారి, రెండు బెంచీలు, వాటికి నీడనిస్తూ కట్ట మీద నిలువెత్తు పైన్ చెట్లు. చెట్లు కొట్టించాలన్న ప్రతిపాదన నివాసుల సమావేశానికి వచ్చినప్పుడు నీడ పోతుందని, ఇళ్ల ధర తగ్గుతుందని గంటసేపు వాదించుకున్నారు. చెట్టు కూలితే వేళ్లతోపాటు కట్ట మట్టి పెళ్లగిలుతుందనీ, ఎండితే కుళ్లిన వేరు వదిలిన దారి నీటికి సొరంగమవుతుందనీ చెప్పిచూశాను. (ఊరివాడినని చనువుగా నవ్వారు, తప్పులేదు.) నిర్ణయం వాయిదా పడింది.

ఇప్పుడు పెద్ద వాన వెలిసిన ప్రతిసారీ కట్ట దిగువ పాదం వద్దకు దిగి, అక్కడ ఎప్పటినుంచో ఊరే సన్నటి జలను చూస్తున్నాను. ఊరే నీరు తేటగా ఉంటే ఊరట, బురదగా ఉంటే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. మొన్న శనివారం దోసిట్లో పట్టి చూశాను, తేటగానే ఉంది.